ఖాళీ బిందెతో మూడు క్షణాలు

ఇనుప గేటు కిర్రుమనగానే కరుణమ్మ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. లోపల ఎవరో బండి స్టార్టు చేస్తున్నారు. ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, మూడోసారికి అందుకుంది. ఆ చప్పుడు గేటు దాటి, మలుపు తిరిగి, చేవెళ్ల రోడ్డు వైపు సన్నగిల్లి, తడిగాలిలో కలిసిపోయేదాకా ఆమె ఊపిరి బిగబట్టింది. ఆ తర్వాతే సద్దిగిన్నె మరో చేతికి మార్చుకుని దారి మీదికి వచ్చింది.

రెండు నెలలుగా ఆమె నడక ఇట్లాగే ఉంది. ఊరు ఆమెకు కనిపించడం మానేసి వినిపించడం మొదలుపెట్టింది. ఏ తలుపు గడియ ఎప్పుడు తీస్తారో, ఏ పిల్ల మెహిదీపట్నం బస్సుకు ఎన్ని గంటలకు పరుగెత్తుతుందో, ఏ ఇంటాయన పాలక్యాన్లు ఎప్పుడు బండికి కడతాడో అన్నీ చెవులతోనే నేర్చుకుంది. ఎవరికీ ఎదురుపడకుండా ఊరు దాటడం ఒక పని. పొలం పనికి ముందు చేసే పని, ఎవరూ కూలి ఇవ్వని పని.

ఎదురుపడితే ఎవరూ తిట్టరు. తిడితే బాగుండును, తిరిగి ఒక మాట అని తేలికపడవచ్చు. వాళ్లు ఏదో మరిచిపోయినట్టు జేబులు తడుముకుంటారు. ఫోను తీసి చూసుకుంటారు. "జర నీళ్లు తాగొస్త" అని లోపలికి వెళ్లి, కాసేపు కూర్చుని, మళ్లీ బయలుదేరుతారు. ఆ కాసేపూ కరుణమ్మ వీపు మీద ఎండలాగా పడుతుంది.

ఇదే ఊళ్లో ఇవే మనుషులు ఒకప్పుడు ఆమె కోసం కాచుకుని కూర్చునేవారు.

మొయినాబాద్‌కూ చేవెళ్లకూ నడుమ, పెద్దరోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి ఉన్న ఊరు అది. కూరగాయలూ పూలూ పండిస్తారు. విత్తనమైనా నారైనా, మడిలో మొదటి మొక్క పెట్టడానికి మంచి చెయ్యి కావాలంటారు. ఆ చెయ్యికి కులం అడగరు, చదువు అడగరు. పెట్టింది బతకాలి, అంతే. పందొమ్మిదేళ్లుగా ఆ చెయ్యి కరుణమ్మది.

అది ఆమె కోరుకున్న పేరు కాదు. ఒక ఏడాది మాణిక్యం పటేలు టమాట నారు వేస్తుంటే మిగతా కూలివాళ్లు రావడం ఆలస్యమైంది. ఊరికే కూర్చోలేక ఆమె ఒక్కతే ఒక సాలు పెట్టేసింది. కాత మీద ఉన్నప్పుడు వడగళ్లు పడ్డాయి. చుట్టూ ఉన్న చేలన్నీ నుగ్గయిపోయాయి. మాణిక్యం మడి గట్టు దగ్గరికి వచ్చి వాన ఆగిపోయింది. ఎందుకు ఆగిందో మబ్బుకే తెలియాలి. ఊరు మాత్రం ఆ గట్టు మీద కరుణమ్మ పేరు రాసుకుంది. అప్పటినుంచి చామంతికీ బంతికీ, బీరకూ కాకరకూ ఆమెనే పిలిచారు. మడి ముందు పీట వేసి టీ ఇచ్చేవారు. ఆమె కొంగు బిగించి, కళ్లు మూసుకుని, తన ప్రభువుకు రెండు మాటలు చెప్పుకుని, రెండు వేళ్లతో మట్టిని పక్కకు తీసేది. అంతమంది ఊపిరి ఆపి చూస్తుంటే ఆమెకు తన వేళ్లు తనవి కావనిపించేది.

అప్పటికి ఆమె భర్త సాలోమోను బతికే ఉన్నాడు. అతను పోయి పన్నెండేళ్లు. భర్త లేని మనిషిని శుభానికి ముందు నిలబెట్టని ఊరే అది, అయినా ఆమెను పిలవడం మానలేదు. కరుణమ్మ చర్చి మనిషి. సాలోమోను ఉన్నప్పుడూ ఆమె నుదుట బొట్టు లేదు, పోయాకా లేదు. చూసే కంటికి ఏ తేడా తెలియలేదు. చెయ్యి పచ్చగా ఉన్నంతకాలం ఎవరూ నుదుటి వైపు చూడలేదు.

చూసింది ఝాన్సీ.

ఆ పిల్ల మార్చి నెలలో వచ్చింది. మొయినాబాద్ దగ్గర ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం వదిలేసి, ఫోనుల్లో చూసే జానపద పాటలకు వీడియోలు తీస్తుంది. ఇరవై ఆరేళ్లు. కత్తిరించిన జుట్టు, ఎండకు కమిలిన ముక్కు. ఊళ్లో రాతిగోడల పాత ఇల్లు ఒకటి కిరాయికి తీసుకుంది. నల్లా దగ్గర బిందె కడుగుతున్న కరుణమ్మను చూసి అక్కడే గొంతుక్కూర్చుంది.

"పెద్దమ్మా, జర లేచి నడుస్తవా? గా మూల దాక."

కరుణమ్మ నడిచింది. పిల్ల రెండు చేతుల వేళ్లను కిటికీలా పట్టుకుని చూసింది.

"మస్తున్నది. గిట్లనే బిందె పట్టుకొని ఆ ఇంటి ముంగట తొవ్వ దాటాలె. అంతే."

"నేనేం చెయ్యాలె బిడ్డా?"

"ఏం చెయ్యద్దు. అదే నాకు కావాలె."

"మాకు బొట్టు ఉండది మరి. టీవీల అందరు పెట్టుకుంటరు కద."

"అదే మంచిగున్నది పెద్దమ్మా. మేకప్ గుడ అక్కర్లే."

ఆ మాటను కరుణమ్మ తర్వాత రోజుల్లో ఎన్నిసార్లు తిప్పి చూసుకుందో లెక్కలేదు. అప్పుడు మాత్రం ముచ్చటపడింది. ఉతికిన తెల్లచీర కట్టుకుంది. బిందెను చింతపండుతో తోమి నిండా నీళ్లు పట్టుకుని వెళ్లింది. ఖాళీ బిందెతో ఎవరైనా నడుస్తారా? ఝాన్సీ నవ్వి, ఆ నీళ్లను తానే వంపేసింది.

పాటలో అబ్బాయి షాబాద్ పిల్లవాడు, సాయిచంద్. మల్లెపూవులాంటి చొక్కా వేసుకుని, పిల్లను చూడటానికి ఇంట్లోంచి బయటికి వస్తాడు. గడప ముందు కరుణమ్మ ఎదురవుతుంది. అంతే కథ. కానీ గడప కింద, అతని కాలు పడేచోట, మొన తేలిన రాయి ఒకటి ఉంది. మొదటిసారి కరుణమ్మ చూసి చెప్పేసింది. "రాయి ఉన్నది బిడ్డా." పాట మోతలో అది ఎవరికీ వినబడలేదు, ఆమె పెదాలు కదలడం చూసి ఝాన్సీ ఆపించింది. "పెద్దమ్మా, మాట్లాడొద్దు." రెండోసారి ఆమె చెయ్యి దానంతటదే లేచింది. "చెయ్యి లేపొద్దు." మూడోసారి ఆమె దగ్గర కళ్లు తప్ప ఏమీ మిగల్లేదు. బిందె చంకన పెట్టుకుని, తల పైకెత్తి, ఆ కళ్లతోనే రాయిని చూపించాలని చూసింది. సాయిచంద్ కాలు దాని మీదే పడింది. ముందుకు తూలి మోకాళ్ల మీద పడ్డాడు. "ఆపకుండ్రి, ఆపకుండ్రి" అని ఝాన్సీ కెమెరా అబ్బాయికి గుసగుసగా చెప్పింది.

పడినవాడి మడమకు కరుణమ్మే నూనె రాసింది.

ఏప్రిల్‌లో పాట వచ్చింది. మరిది భార్య మేరీ ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చి చూపించింది.

*ఒట్టి బిందె ఎదురాయె, నా తొవ్వ మూసుకపాయె,*
*రాత రాసినోని చేతుల రంగు అయిపోయినాదాయె.*

ఆ మొదటి చరణం దగ్గర డప్పు ఆగిపోతుంది. లోకమంతా నీలంగా మారుతుంది. తెల్లచీర, బోసి నుదురు, ఖాళీ బిందె. ఒక ముసలామె మెల్లగా తల ఎత్తి చూస్తుంది. మూడు క్షణాలు. ఆ చూపు తగిలినట్టే అబ్బాయి కూలబడతాడు. ఆ తర్వాత అతని బండి చెడిపోతుంది, పిల్లకు వేరే సంబంధం కుదురుతుంది, వానలో నిలబడి ఏడుస్తాడు.

"అక్కా, ఏం జూసినవే. నాకే దడుపు జ్వరం వచ్చేటట్టున్నది" అని మేరీ నవ్వింది. ఆమె నవ్వే మనిషి. కరుణమ్మ వెంట నాట్లకు వెళ్లే కూలి ముఠాలో ఉన్న ఏడుగురు ఆడవాళ్లలో ఆమె నోరే పెద్దది.

కరుణమ్మా నవ్వింది. కానీ జనం ఆ మూడు క్షణాలను పాట నుంచి తెంపుకుని తమ వీడియోలకు అతికించుకున్నారు. వికెట్ పడే ముందు ఆమె ముఖం. పరీక్ష ఫలితాల ముందు ఆమె ముఖం. కుక్కర్ పేలే ముందు, ఆటో బోల్తాపడే ముందు, పెళ్లి పందిరి గాలికి లేచిపోయే ముందు. మొయినాబాద్ బస్‌స్టాపులో ఇద్దరు కాలేజీ పిల్లలు పక్కన నిలబడి ఫోటో తీసుకున్నారు. "పెద్దమ్మా, గట్ల చూడు ఒకసారి" అన్నారు. ఎట్లా చూడాలో ఆమెకు తెలియలేదు. తలవంచుకుంది. మరునాటి నుంచి ఆ తలవంచుకోవడమే ఆమెకు అలవాటైంది.

ఊళ్లో ఎప్పుడూ కాలే మోటార్లే ఆ ఎండాకాలమూ కాలాయి. ఎప్పుడూ చచ్చే దూడలే చచ్చాయి. కాకపోతే ఇప్పుడు వాటన్నిటికీ ముందు ఒక ముఖం వచ్చి చేరింది. మే నెలలో ఒక పొద్దున మాణిక్యం పటేలు చేవెళ్ల బయలుదేరుతూ ఆమెకు ఎదురయ్యాడు. అదే రోజు సాయంత్రం సుడిగాలికి అతని పాలీహౌసు మీది కవరు నిలువునా చిరిగింది. అతను ఒకసారి ఎంపీటీసీగా గెలిచి, ఒకసారి ఓడిన మనిషి. ఓడిన రోజు పిల్లి ఎదురొచ్చిందని ఇప్పటికీ చెబుతాడు. ఆమెను ఏమీ అనలేదు. ఆ వారం బీర విత్తనానికి మాత్రం పిలవలేదు.

చర్చిలో పాస్టరుగారు, "దేవుని బిడ్డలకు శకునాలేంటమ్మా" అని ధైర్యం చెప్పారు. ఆ మాట ఆమె తలకు అందింది గానీ పాదాలకు అందలేదు. పాదాలు గోడ వెనుకే ఆగుతున్నాయి. అంతకంటే లోపల ఇంకో భయం వేరుపట్టింది. వాళ్లు అనుకుంటున్నారు సరే, నిజంగానే చెయ్యి పోయిందేమో?

దాన్ని తేల్చుకోవాలని ఇంటి వెనుక పగిలిన టబ్బులో మట్టి పోసి గుప్పెడు మెంతులు చల్లింది. మూడో రోజుకు మొలకెత్తాల్సిన మెంతులు మొలకెత్తలేదు. నాలుగో రోజూ లేదు. మళ్లీ చల్లింది. మళ్లీ లేదు. ఒక పొద్దున ఆమెను వెతుక్కుంటూ మేరీ ఇంటి వెనక్కి వెళ్లింది. టబ్బు ముందు గొంతుక్కూర్చుని, మట్టిని వేలితో అటూఇటూ తీసి ఒక్కొక్క గింజా పట్టుకుని చూస్తున్న కరుణమ్మను చూసింది.

"ఏం చేస్తున్నవే?"

"మొలిచిందా అని చూస్తున్న."

"దినాం గిట్లనే తవ్వుతున్నవా?"

"పొద్దుగాల ఒకసారి, మాపటికి ఒకసారి."

"తవ్వి తవ్వి చూస్తే ఏం మొలుస్తదే? నిన్ను గిట్ల గంట గంటకు దుప్పటి తీసి చూస్తే నువ్వు నిద్రపోతవా?" అని మేరీ టబ్బును చంకన ఎత్తుకుంది. "ఇది నా ఇంట్ల ఉంటది. నువ్వు నా ఇంటికి రావొద్దు."

జూన్ చివర ఝాన్సీ మళ్లీ వచ్చింది. చేతిలో కొత్త చీర. ముఖంలో సంతోషం ఆపుకోలేకుండా ఉంది. పాటకు రెండో భాగం తీస్తోంది.

"నువ్వు లేకుంటే పాటనే లేదు పెద్దమ్మా. ఈసారి నీకు మూడు సీన్లు."

కరుణమ్మ చీరను ముట్టుకోలేదు.

"దాన్ని తీసెయ్యి బిడ్డా."

"దేన్ని?"

"నా మొఖాన్ని. పాట ఉంచుకో. మొఖం ఒక్కటి తీసెయ్యి."

పిల్ల నవ్వబోయి, ఆమె కళ్లు చూసి మానేసింది. "అది ఇప్పుడు నా చేతుల లేదు పెద్దమ్మా. నేను తీసినా ఎవరెవరి ఫోన్లలనో ఉన్నది. అయినా ఎందుకు ఫికర్ చేస్తవు? కథనే కద. నసీబు మంచిగున్నోని పాట ఎవరన్న వింటరా? పిల్ల నచ్చింది, పెండ్లయింది, తిన్నరు, పన్నరు. ఒక చరణం గుడ సాగది. దరిద్రం ఉంటెనే పాట. సినిమాలైనా నవలలైనా గంతే. దీపం ఆరాలె, పటం పగలాలె, పిల్లి ఎదురు రావాలె. అప్పుడు జనం కూసోని చూస్తరు."

నిజమేనని కరుణమ్మకు తెలుసు. చిన్నప్పుడు చేవెళ్ల టాకీసులో నేల మీద కూర్చుని ఆమె చూసిన సినిమాలన్నిటిలో ఏదో ఒక దీపం ఆరింది. హారతి పళ్లెం చేతుల్లోంచి జారి గుండ్రంగా దొర్లింది. హాలంతా ముక్కులు చీదింది, ఆమెతో సహా. సీరియళ్లలో ఇప్పటికీ దొర్లుతూనే ఉంది. కష్టమంతా నాయికది, కన్నీళ్లన్నీ ఆమె కోసమే. పళ్లెం జారవిడిచిన పనిమనిషి ఆ తర్వాత ఏ దారిన ఇంటికి వెళ్లిందో కరుణమ్మ ఒక్కనాడూ అనుకోలేదు.

"ఆ పిల్లి ఏమైతది బిడ్డా?" అంది.

"ఏ పిల్లి?"

"ఎదురొచ్చినది. షూటింగ్ అయినంక దాన్ని ఎవరన్న ఇంట్లకు రానిస్తరా?"

ఝాన్సీ చీర మడతలు సర్దింది. వేరే ఏదో అడుగుతున్నట్టు, "అసలు ఆ చూపు ఎట్ల వచ్చింది పెద్దమ్మా? పెద్ద పెద్ద యాక్టర్లకు గుడ రాదు" అంది.

"రాయి ఉండె కద బిడ్డా, ఆ పిలగాని కాళ్ల కాడ. మీరు చెప్పనీయకపోతిరి."

ఝాన్సీ లేచి చెప్పులు వేసుకుంది. వెళ్లేటప్పుడు చీర అక్కడే వదిలేసింది. రెండో భాగం మాట మళ్లీ ఎత్తలేదు. తీసేస్తానని కూడా అనలేదు.

జూలై నడిమికి వచ్చింది. ఇప్పుడు బంతి పెడితేనే బతుకమ్మ నాటికి పువ్వు తెగుతుంది. మాణిక్యం పటేలు రెండెకరాలూ దున్ని, బోదెలు పోసి, కలుపు రాకుండా నల్లకవరు పరిచాడని, నర్సరీ నుంచి నారు ట్రేలు వచ్చాయని మేరీ చెప్పింది. ట్రేలలో నారు ఎక్కువ రోజులు ఆగదు. కరుణమ్మ ఫోనును పక్కన పెట్టుకుని అన్నం తింది, పక్కన పెట్టుకుని బట్టలు ఉతికింది. అది మోగినప్పుడల్లా తడిచేతితోనే అందుకుంది. పిలవకపోతే పందొమ్మిదేళ్లు పోతాయి. పిలిచి, ఆమె పెట్టి, ఆ మొక్క చచ్చిపోతే? అప్పుడు పాట అబద్ధమని చెప్పడానికి లోకంలో ఏమీ మిగలదు.

రెండో రోజు మధ్యాహ్నం మాణిక్యం భార్య పద్మమ్మ ఫోను చేసింది.

"కరుణా, రేపు బంతి పెడుతున్నం. నీ ముఠాను తీసుకరా."

"వస్తనమ్మా. పొద్దుగాల్నే వస్త."

అటువైపు పద్మమ్మ గొంతు తగ్గింది. కుక్కర్ కూత వినిపించింది.

"పొద్దుగాల వద్దు. ఎనిమిదింటికి రా. మొదటి మొక్క కోడలు పెడ్తది. మొన్న మొగపిల్లగాన్ని కన్నది కద, ఆమె చెయ్యి మంచిదని మీ పటేలు అన్నడు." ఆమె గొంతు ఇంకా తగ్గింది. "ముందు తొవ్వల రాకు. వెనుక కాలువ దిక్కు నుంచి రాండ్రి. ఏమనుకోకే కరుణా. పందొమ్మిదేండ్ల సంది నాకు తెల్వదా నువ్వేందో. ఆయన చాదస్తం."

"ఏమనుకుంటనమ్మా" అంది కరుణమ్మ. ఫోను పెట్టాక ఆ ఫోను పట్టుకున్న చేతినే చాలాసేపు చూసుకుంది.

మేరీకి ఒళ్లు మండింది. "కాలువ దిక్కు నుంచా? దొంగకోళ్లు పట్టేటోళ్లమా మనం? పోవద్దక్కా."

"ఆరుగురికి పని ఉన్నది మేరీ."

"మా పని ముచ్చట ఎత్తకు. నీ ముచ్చట చెప్పు."

కరుణమ్మ సద్దిగిన్నె కడగడానికి లేచింది. ఆ మడి దగ్గర లేకపోవడమంటేనే ఆమెకు ఎక్కువ భయంగా ఉంది.

మర్నాడు ఆకాశం కిందికి దిగి గట్ల మీద కూర్చుంది. ఏడుగురూ చెప్పులు చేతిలో పట్టుకుని కాలువ బురదలో నడిచి వెనుకవైపు నుంచి వచ్చారు. ఎనిమిది ఎప్పుడో దాటింది. అయినా మడి దగ్గర ఇంకా ఏమీ కాలేదు. చిన్నవాడు పాల కోసం ఏడిస్తే కోడలు అక్షయ రావడం ఆలస్యమైందట. గట్టెక్కిన ముఠా అట్లాగే నిలబడిపోయింది. వెనక్కి పోవడానికి లేదు, ముందుకు పోవడానికి లేదు. మాణిక్యం ఒకసారి వీళ్లవైపు చూసి మబ్బువైపు తిరిగాడు.

అక్షయ ఇంటి నుంచే కంప్యూటరు ఉద్యోగం చేసే అమ్మాయి. మట్టి ముట్టి ఎరగదు. పసుపు కుంకుమలు చల్లిన బోదె ముందు కూర్చుని, ట్రేలోంచి మొక్కను తలపట్టి లాగింది. వేరు చుట్టూ ఉన్న కొబ్బరిపొట్టు సగం రాలిపోయింది. కవరు రంధ్రంలో వేలు గుచ్చి, గుచ్చి, అరచెయ్యి దిగేంత గుంత చేసింది. భయపడుతూ చేసే పని కావడంతో లోతు తెలియలేదు. మొక్కను అందులో దించింది. చిగురు అంచు దాకా దిగిపోయింది. రెండు చేతులతో మట్టి దగ్గరికి లాగింది.

గట్టు మీద కరుణమ్మ నాలుక కింద ఒక మాట కదిలింది. మాట్లాడొద్దు. చెయ్యి లేపొద్దు. తల మాత్రం దానంతటదే ఎత్తుకుంది. తన కళ్లు ఇప్పుడు ఎట్లా ఉన్నాయో ఆమెకు తెలిసిపోయింది. ఊరంతా చూసిన కళ్లే. ఇంకొక్క క్షణం ఆగితే ఆ పిల్ల మట్టి కప్పేస్తుంది, చిగురు కుళ్లుతుంది. మొదటి మొక్క చచ్చిపోయినప్పుడు గట్టు మీద ఎవరు నిలబడి చూశారో అందరికీ గుర్తుంటుంది.

"బిడ్డా, అంత లోతు వద్దు" అంది. "గుండె మునుగుతది."

అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది మాట. వెంటనే కాళ్లూ కదిలాయి. గట్టు దిగి, బోదె దాటి, మాణిక్యం ముందు నుంచే నడిచి, అక్షయ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

మాణిక్యం తువ్వాలు దులిపాడు. మెల్లగా వెళ్లి మోటారు డబ్బా పక్కనున్న రాయి మీద కూర్చున్నాడు. సీసా తీసి నీళ్లు తాగాడు. ఎదురు తగిలినప్పుడు చేసేది అదే. కాసేపు పని ఆపి, నీళ్లు తాగి, కీడు దాటిపోయేదాకా కూర్చోవడం. పద్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుగురు కూలీలు, రెండెకరాల నారు, కిందికి దిగుతున్న మబ్బు. అంతా ఒక మనిషి నీళ్లు తాగడం అయిపోవాలని ఆగి ఉన్నారు.

"పటేలా" అని మేరీ పిలిచింది. "జర జల్ది జల్ది తాగు. ఆ మబ్బుకు ఎవలు ఎదురొచ్చినా అది కూసునేటట్టు లేదు."

ముఠాలో ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు.

అక్షయ చేతులు మట్టిలోనే ఉన్నాయి. ఆమె కరుణమ్మను చూసింది. ఆ ముఖం ఎక్కడ చూసిందో గుర్తొచ్చిందని కరుణమ్మకు తెలిసింది. ఆ గుర్తుపట్టడం ఆమెకు అలవాటే. ముందు కళ్లు కొంచెం పెద్దవవుతాయి, తర్వాత పక్కకు జరుగుతాయి. ఈ పిల్ల కళ్లు జరగలేదు.

"ఎంత లోతు పెట్టాలె పెద్దమ్మా?" అంది చిన్నగా. "నాకు ఎవరు చెప్పలే."

కరుణమ్మ ఆమె చేతుల కింద తన చేతులు పెట్టింది. నాలుగు అరచేతుల్లో మొక్క పైకి లేచింది. గుంతలో కొంత మట్టి పోసి, వేరు ముద్ద సరిగ్గా అంచుకు వచ్చేట్టు నిలబెట్టి, చుట్టూ రెండు వేళ్లతో అదిమింది. ఆమె వేలు ఒకటి, ఆ పిల్ల వేలు ఒకటి. కళ్లు మూసుకోవడం, రెండు మాటలు చెప్పుకోవడం ఆమెకు గుర్తు రాలేదు. గుర్తొచ్చేసరికి అయిపోయింది.

తొలి చినుకు కవరు మీద టప్పుమంది. మాణిక్యం లేచాడు. "ఇంక కానీండ్రి" అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

ఆ రోజంతా వానలో తడుస్తూ నారు పెట్టారు. మొదటి మొక్క ఎవరిదన్న మాట మధ్యాహ్నానికే రెండు రకాలైంది. అక్షయ చెయ్యేనని పద్మమ్మ అంటే, "ఎవరు బయటికి తీసిండ్రో చూడలేదా అమ్మా" అని మేరీ అంది. వంగి నడుస్తున్నంతసేపూ కరుణమ్మ చూపు ఆ మొదటి బోదె వైపే పోతోంది. అది వానకు వాలిందా? నిలబడే ఉందా? రెండుసార్లు లేచి వెళ్లబోయింది. టబ్బులో మెంతులు గుర్తొచ్చి, ఆగిపోయింది. అది ఇప్పుడు తవ్వి చూసేది కాదు. బతుకమ్మ దాకా చూసేది. అన్ని రోజులు ఈ గుండెను ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకు తెలియలేదు.

సాయంత్రం కాళ్లు కడుక్కుంటుంటే మాణిక్యం దూరం నుంచే, పైపు చుట్టుకుంటూ అన్నాడు.

"ఎల్లుండి కింది మడి ఉన్నది. ఏడింటికి రాండ్రి."

కరుణమ్మ చెప్పుల్లోకి బురద కాళ్లు దూర్చింది. పందొమ్మిదేళ్లలో అతన్ని ఆమె ఎదురు అడిగింది లేదు.

"ఎటు దిక్కు నుంచి రమ్మంటవు పటేలా?"

పైపు చుట్టడం ఆగింది. అతను ఆమెవైపు చూడలేదు. కాలువ వైపూ చూడలేదు.

"తొవ్వ ఉన్నది గద" అన్నాడు.

వాళ్లు ముందు దారినే ఇంటికి బయలుదేరారు. మేరీ, మిగతావాళ్లు వానకు కొంగులు కప్పుకుని గబగబా ముందుకు పోయారు. కరుణమ్మ వెనకబడింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇనుప గేటు కిర్రుమంది. లోపల బండి దగ్గింది.

ఆమె కాళ్లు ఆగిపోయాయి. గోడ ఒక్క అడుగు దూరంలోనే ఉంది. వీపుకు దాని చల్లదనం అప్పుడే తెలుస్తున్నట్టుంది. బండి బయటికి వచ్చేసింది. పొద్దున పాలక్యాన్లతో వెళ్లే మనిషే. గేటు ముందు వాననీళ్లతో నిండిన గుంత ఒకటి, నేలతో సమంగా మెరుస్తోంది.

"గుంత ఉన్నది నాయనా" అంది కరుణమ్మ. "జూసుకుంట పో."

అతను కాలు కింద పెట్టాడు. గుంతను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. బండి ఆపి లోపలికి పోతాడని, నీళ్లు తాగుతాడని ఆమె కాచుకుని నిలబడింది. ఇంజను నడుస్తూనే ఉంది. అతను హ్యాండిలు కొంచెం పక్కకు తిప్పి, గుంత అంచు వెంట, ఆమె ముందు నుంచే వెళ్లిపోయాడు.

ఆ చప్పుడు చేవెళ్ల రోడ్డు వైపు సన్నగిల్లేదాకా కరుణమ్మ వింటూ నిలబడింది. తర్వాత నడిచింది. ఆ మనిషికి ఈ సాయంత్రం ఏమీ కాకూడదని, రోడ్డు మీద ఏ లారీ అడ్డం రాకూడదని, క్షేమంగా పోయి క్షేమంగా తిరిగి రావాలని, ఇల్లు చేరేదాకా దారంతా పెదాలు కదుపుతూనే ఉంది.